ఒక కాగితం – అయిదు గీతలు



జాకెట్టు కుట్టించాలంటే మనం ఏం చేస్తాం? బాగా కుదిరిన ఆది జాకెట్టు ఒకటి సంచీలో వేసుకుని దర్జీ దగ్గరికి వెళతాం. "ఇలాగే కుట్టు బాబూ, చేతులు మాత్రం అరంగుళం పొడుగు పెట్టు" అంటాం. ఆ ఆది మన ఒంటిది. ఈవేళ నేను చెప్పబోయే కాగితపు నమూనాలు మాత్రం ఎవరి ఒంటి ఆదీ కావు. ఒకే కాగితం మీద అయిదారు సైజుల గీతలు పక్కపక్కనే గీసి ఉంటాయి. అందులో మన గీత ఏదో మనమే వెతుక్కోవాలి. తంటా అంతా అక్కడే.

కిందటేడు మా అమ్మాయి డిగ్రీలో చేరబోతుంటే, అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఒక కుర్తా నమూనా పాకెట్టు పంపింది. విప్పి పరిస్తే బల్ల నిండా పల్చటి కాగితం. దాని మీద 8, 10, 12, 14, 16 అని అయిదు గీతలు. బీరువాలో మా అమ్మ కట్టుకున్న మంగళగిరి చీర ఉంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. చీర మడతల దగ్గర చివికిపోయింది. చిరుగులు పోగా రెండున్నర మీటర్లు గట్టి బట్ట తేలింది. పిల్ల కాలేజీకి వెళ్ళే మొదటిరోజుకి దానితో కుర్తా కుట్టాలని నా ఆశ.

టేపు తీసేసరికి అమ్మాయి "వద్దమ్మా" అంది. అంతకు వారం ముందు ఒక పెళ్ళిలో ఎవరో పెద్దావిడ "పిల్ల బాగా ఒళ్ళు చేసిందే!" అని నలుగురిలో అనేసింది. అప్పటినుంచి టేపంటే దానికి బెదురు. సరే బలవంతం ఎందుకులెమ్మని, అత్తయ్య ఇదివరకు పంపిన రెడీమేడ్ టాపు మెడ దగ్గర చీటీ చూశాను. 10 అని ఉంది. ఆ టాపు దానికి చక్కగా సరిపోతుంది. ఇంకేం కావాలి? నమూనాలో 10 గీత వెంబడే కత్తెర పోనిచ్చాను. ముందు కాగితాన్ని, తర్వాత చీరని.

కుట్టి తొడిగితే చంకల దగ్గర పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. అమ్మాయి ఏమీ అనలేదు. మెల్లిగా విప్పి నా చేతికిచ్చి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ మౌనమే నాకు కష్టమనిపించింది.

తర్వాత పాకెట్టు వెనక పట్టిక చదివాను. ముందే చదవవలసింది కదూ! ఆ నమూనాలో 10 అంటే చాతీ 32½ అంగుళాలు. 12 అంటే 34, 14 అంటే 36, 16 అంటే 38. మా పిల్ల చాతీ 36. అంటే దాని గీత 14. అమెరికాలో దుకాణాలవాళ్ళు కొనేవారిని సంతోషపెట్టడానికి రెడీమేడ్ బట్టల మీద అంకెలు రానురాను తగ్గించుకుంటూ వచ్చారు. నమూనాలు అచ్చువేసే కంపెనీలు మాత్రం పాత అంకెల్నే పట్టుకుని ఉన్నాయి. అందుకని దుకాణంలో 8 తొడుక్కునే మనిషికి కాగితం మీద 14 అవసరం కావచ్చు. ఒళ్ళు అదే, అంకె వేరు. ఈ మాట పిల్లకి చెప్పాక అది తలుపు తీసింది.

ఈ సైజుల ఏర్పాటు ఇప్పటిది కాదు సుమండీ. 1863లో అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలో ఎబెనేజర్ బట్టరిక్ అనే దర్జీ సైజులవారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ కాలంలో ఒక్కో సైజుకీ ఒక్కో కాగితం. అన్నీ ఒకే కాగితం మీదకి ఎక్కింది తరవాతి కాలంలో.

ఇలా ఎక్కినందువల్ల మనకో పెద్ద సౌకర్యం ఉంది. నడుము పైన ఒక సైజు, కింద ఒక సైజు ఉండేవాళ్ళే మనలో ఎక్కువ. మా అమ్మాయి చాతీకి 14 గీత సరిపోతుంది గాని, దర్జీలు సీటు అంటారే, ఆ కొలత 40. అది 16. అప్పుడు చంక నుంచి నడుము దాకా 14 గీత మీద వచ్చి, నడుము నుంచి మెల్లగా వాలుగా 16 గీతలో కలపాలి. మధ్యలో మెట్టులాగా విరుపు రాకూడదు. పైగా ముందుభాగం సగమే గీసి ఉంటుంది, మడత మీద పెట్టి కత్తిరిస్తాం కనుక. చుట్టుకొలతలో రెండంగుళాల తేడా ఆ అంచు దగ్గర అరంగుళమే కనిపిస్తుంది. "ఇంతేగా" అనుకోవద్దు.

కొందరు చిన్న సైజు కత్తిరించి చుట్టూతా సమానంగా ఓ అంగుళం పెంచుతారు. అది పొరపాటు. గీతల్ని జాగ్రత్తగా చూడండి. మెడ దగ్గర దాదాపు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి, భుజం దగ్గర కాస్త విడతాయి, పక్క కుట్టు దగ్గర బాగా దూరమవుతాయి. మనిషి లావైనంత మాత్రాన మెడ అంత పెరగదు కదా! అన్నివైపులా పెంచితే భుజం జారిపోతుంది. మన వయసు వాళ్ళకైతే ఇంకో సంగతి. చాతీ నిండుగా ఉన్నవాళ్ళు చంకల కింద నుంచి పై చాతీ కూడా కొలుచుకుని, మెడకీ భుజానికీ ఆ సైజు తీసుకుని, కింద మాత్రం వెడల్పు చేసుకోవడం మేలు.

కుట్టు మార్జిన్ సంగతి తప్పకుండా చూసుకోవాలి. అమెరికా పాకెట్లలో సాధారణంగా గీత లోపలే 5/8 అంగుళం మార్జిన్ కలిసి ఉంటుంది. జర్మనీ నుంచి వచ్చే బుర్దా పత్రిక కాగితాల్లో ఉండదు, మనమే కలుపుకోవాలి. ఏది ఏమైనా పక్క కుట్టు దగ్గర నేను మాత్రం మన దర్జీల పద్ధతిలో అంగుళం వదులుతాను. రేపు విప్పి వదులు చేయడానికి ఉంటుంది. ఆ అంగుళం ఉండి ఉంటే నాకు కొంత బాధ తప్పేది. మెడకీ చంకకీ మాత్రం ఎక్కువ వదలకండి, వంపు సరిగా కూర్చోదు.

ఇప్పుడు చాలామంది పిల్లలు ఇంటర్నెట్ నుంచి నమూనా దింపుకుని మామూలు కాగితాల మీద అచ్చు తీసి అతికిస్తున్నారు. మంచిదే. అందులో కొలత చూసుకోవడానికి ఒక చదరపు గడి ఉంటుంది. అతికించే ముందు దాన్ని స్కేలుతో కొలవండి. గడి తగ్గితే కుర్తా కూడా తగ్గినట్టే.

అన్నిటికంటే ముఖ్యం, అసలు కాగితానికి కత్తెర తగలనివ్వకండి. నేను 10 గీత మీద కత్తిరించిన క్షణానే 12, 14, 16 చెత్తబుట్టలోకి పోయాయి. పైన పల్చటి కాగితం పరిచి, మీ గీతని రంగు పెన్సిలుతో దిద్దుకుని దాన్ని కత్తిరించండి. చేనేత బట్టయితే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరవెయ్యండి. మొదటిసారి మాత్రం పాత దుప్పటి మీద టాకాలు వేసి చూసుకుంటే మంచి బట్ట దక్కుతుంది.

మా అమ్మ చీర ఏమైందంటారా? పక్క కుట్లు రెండూ విప్పాను. మిగిలిన ముక్కల్లోంచి అంచు తీసి, చంక దగ్గర్నుంచి కిందిదాకా ఒకటిన్నర అంగుళాల పట్టీ రెండువైపులా వేశాను, చేతి అడుగున కూడా. ఈసారి కొలిచి మరీ వేశాను. టేపు అమ్మాయే తెచ్చి ఇచ్చింది. ఆ పట్టీలు కావాలని పెట్టించుకున్నదనుకుని దాని స్నేహితురాలు అలాంటిదే కుట్టిపెట్టమని అడిగింది.

మా ఆడపడుచు మళ్ళీ ఒక పాకెట్టు పంపింది. దాని మీద మా అమ్మాయికి, మా తోడికోడలికి, కింది వాటా వారి కోడలికి మూడు నకళ్ళు తీశాం. నకలు మీద సైజు అంకె వెయ్యం, పేరూ తేదీ రాస్తాం. అసలు కాగితం కేలండరులా చుట్టి బీరువా మీద పెట్టాను, కత్తెరలకి అందకుండా.

సెలవు.