ఆకుపచ్చ సిరా: ఎన్నిక, పరీక్ష

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున గ్రంథములను గూర్చి మాటలాడువారు పలువురు గలరు. ఆ గ్రంథముల లెక్క వ్రాయు సిరాను గూర్చి మాటలాడువారు అరుదు. ఐనను ఈ ఉత్సవముతో పాత నమోదు పుస్తకము ముగిసి క్రొత్తది తెరువబడుచున్నది. దానిలో ఏ సిరాతో ఏది వ్రాయవలెనను ప్రశ్న కార్యవర్గము నెదుట నున్నది. ఆకుపచ్చ సిరా చూడ ముచ్చటగా నుండును గనుక అంతయు దానితోనే వ్రాయవలెనని యువకులు కొందరు కోరుచున్నారు. ఆ కోరికను పరీక్షించుటయే ఈ ప్రసంగమునకు పని.

మొదట మాటను విచారింపవలెను. తెలుగున ‘పచ్చ’ యనునది రెండు రంగులకు జెల్లును. పసుపును పచ్చయే, ఆకును పచ్చయే. అందుచేతనే పసుపుపచ్చ, ఆకుపచ్చ యని విడదీసి చెప్పుదురు. ఉర్దూలో సిరాను ‘సియాహీ’ యందురు; ఆ మాటకు నలుపని యర్థము. కావున ‘హరీ సియాహీ’ తెమ్మనువాడు, మాటకు మాట చూచినచో, ఆకుపచ్చని నలుపును తెమ్మనుచున్నాడు. సిరా మొదట నల్లనిదే యనియు, ఆకుపచ్చ తరువాత వచ్చిన చుట్టమనియు ఆ మాటయే గుర్తు చేయుచున్నది.

పూర్వము తాటాకుపై గంటముతో గీచి, ఆ గీతలలో ఆకుపసరును మసిని కలిపి రుద్దెడివారు. పసరు రంగు పోయెను, మసి నిలిచెను; నేడు చదువబడుచున్నది ఆ మసియే. కాగితము వచ్చిన పిమ్మట కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి, తుమ్మబంకతో చిక్కబరచి సిరా కాచిరి. అన్నభేది లేత ఆకుపచ్చని స్ఫటికము. అది కరక్కాయలోని వగరుతో గూడి, గాలి సోకిన కొలది నల్లబడి, కాగితపు నారను పట్టుకొనును. ఆకుపచ్చని రాయి నల్లని అక్షరమగుట అందలి వింత. అక్షరమే ఆకుపచ్చగా నుండవలెనని కోరినవారు రాగి చిలుమును వాడిరి. చిలుము రంగు కాలక్రమమున కాగితమునే తినివేయును. ఆకుపచ్చ గీత యున్నచోటనే చీలిపోయిన పాత పటములు దేశదేశముల గలవు.

1877లో ఆటో ఫిషర్ అను జర్మను రసాయనవేత్త మలాకైట్ గ్రీన్ అను కృత్రిమ వర్ణమును కనుగొనెను. ఇట్టి వర్ణముల వలన ఆకుపచ్చ సిరాకు కాగితమును కొరుకు దోషము తప్పెను. వెలుగున వెలవెలబోవు దోషము వచ్చెను. భారతీయ ప్రమాణములలో ఇనుము కలిసిన కలము సిరాకు 220వ సంఖ్యను, వట్టి రంగు సిరాలకు 1221వ సంఖ్యను వేర్వేరుగా ఏర్పరచిరి. ఆకుపచ్చ రెండవ పంక్తిలోనిది. అన్నభేది సిరాకు గల పట్టు దానియందు వెదకరాదు.

ఐనను పల్లెలలో ఆకుపచ్చ సిరాకు గల గౌరవము వేరు. ఆ రంగు చూడగానే గెజిటెడ్ అధికారి చేవ్రాలు గుర్తునకు వచ్చును. కొడుకు చదువు పత్రములను సంచిలో పెట్టుకొని, బస్సు దిగి, కార్యాలయపు మెట్లపై ఆ చేవ్రాలు కొరకు పొద్దు గ్రుంకువరకు కాచుకొనిన తండ్రులు నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో ఎందరో కలరు. 2014లో కేంద్ర ప్రభుత్వము స్వయముగా ధ్రువపరచుకొను పద్ధతిని ప్రోత్సహించిన పిమ్మట ఆ శ్రమ కొంత తగ్గినది. ఒక విషయము పిల్లలకు తెలియవలెను: గెజిటులో నియామకము ప్రకటింపబడుట వలన అధికారి గెజిటెడ్ అగును గాని సిరా వలన కాదు. ఇంగ్లండు గూఢచారి శాఖకు మొదటి యధిపతియైన మాన్స్‌ఫీల్డ్ కమ్మింగ్ ఆకుపచ్చ సిరాతో ‘సి’ యను ఒక్క అక్షరమును వ్రాసెడివాడు. తరువాతి యధిపతులును ఆ యాచారమునే పాటించిరి. చిలీ దేశపు మహాకవి పాబ్లో నెరూడా ఆకుపచ్చ సిరాతో కవిత్వము వ్రాసెను. ఒకరికి అది అధికారపు గుర్తు, మరియొకరికి ఆశకు రంగు. సిరాబుడ్డికి ఈ రెండును తెలియవు.

ఇక ఎన్నిక. అంగడిలో బుడ్డీలు పలు విధములు. కామ్లిన్ సంస్థ 1931లో సిరాపొడితో మొదలైనది. వంగదేశపు సులేఖ 1934లో స్వదేశీ దీక్షతో పుట్టినది. జర్మనీ పెలికాన్ వారి 4001 వరుసలో బ్రిలియంట్ గ్రీన్ అనునది మెరయు లేతపచ్చ, డార్క్ గ్రీన్ అనునది ముదురుపచ్చ. హైదరాబాదు ఆబిడ్స్‌లో 1928లో వెలసిన దక్కన్ పెన్ స్టోర్సు వంటి కలముల అంగళ్లలో అడిగి చూచి కొనవచ్చును. పేరు చూచి కొనుట కంటె నాలుగు పరీక్షలు చేసి కొనుట మేలు. వీనికి కాసు ఖర్చు లేదు.

మొదటిది సుద్దముక్క పరీక్ష. బడిలోని సుద్దముక్కకు అడుగునుండి అరయంగుళము పైన సిరాతో చుట్టును గీత గీచి, పళ్లెములో గీతకు తగులనంత నీరు పోసి నిలువబెట్టవలెను. నీరు పైకి ప్రాకును, దానితో రంగును ప్రాకును. కొన్ని సిరాలలో నీలము ఒకచోట, పసుపు ఒకచోట విడిపోవును. అట్టి సిరా రెండు వర్ణముల పొత్తు. పొత్తులో ఒకరు ముందు తప్పుకొన్నచో రెండవవాని రంగు బయటపడును.

రెండవది ఎండ పరీక్ష. నమోదు పుస్తకపు కాగితము మీదనే పేరు వ్రాసి, సగము అక్షరములను నల్లని అట్టతో కప్పి, ఎండ పడు కిటికీలో నెలదినములు ఉంచవలెను. పిమ్మట కప్పిన సగమును కప్పని సగమును ప్రక్కప్రక్కన చూడవలెను. పసుపు పోయిన అక్షరము నీలమునకు తిరుగును. నీలము పోయినది పండుటాకు వలె నగును.

మూడవది నీటి పరీక్ష. వ్రాసి ఒకదినము ఆరనిచ్చి, ఒక బొట్టు నీరు వేసి, అరువది లెక్కించి, అద్దుడు కాగితముతో ఒత్తవలెను. వానకు కారు పైకప్పు క్రింద ఉండు పుస్తకములకు ఈ పరీక్ష ముఖ్యము.

నాలుగవది కంటి పరీక్ష. సాయంకాలము దీపము వెలిగించి, కండ్లజోడు పెట్టుకొను పెద్దవారిచేత చదివింపవలెను. చిలుకపచ్చ పగలు తెల్లకాగితముపై మెరయును గాని సన్నపాళీతో వ్రాసినచో వారి కంటికి అందదు. నెమలికంఠపు పచ్చ చదువుటకు హాయి. కాని దీపపు వెలుగున నీలిసిరా యని భ్రమ పుట్టించును. వేరుగా గనబడుటకై తెచ్చిన రంగు వేరుగా గనబడకున్నచో ఏమి ఫలము? మామిడి ముదురాకు వంటి పచ్చయే ఈ రెంటికి నడుమ తగినది.

ఈ ప్రాంతపు నీటిని గూర్చియు ఒక మాట. నల్లగొండ నేలలోని ఫ్లోరైడు నీరు మనుష్యుల యెముకలను వంచిన దుఃఖము ఎరుగనివారు లేరు. కలమునకు వచ్చు హాని దానితో పోల్చదగినది కాదు గాని, లవణములు మెండుగాగల బోరునీటితో సిరాను పలుచన చేసినను, కలమును కడిగి అట్లే ఆరనిచ్చినను, పాళీ క్రింది సన్నని కాలువలో తెట్టు పేరుకొనును. వాననీరు గాని, బ్యాటరీలలో పోయు శుద్ధజలము గాని వాడవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఎండకు కలములోని నీరు ఆవిరియై సిరా చిక్కబడి ముదురుగా తోచును. ఆ ముదురును చూచి సిరాను మెచ్చుకొనరాదు. అన్నభేది సిరా వాడు కలమున ఆకుపచ్చ సిరా నింపరాదు. రెండును కలిసినచో విరిగి మడ్డి దిగవచ్చును. దేనికి దాని కలము వేరుగా ఉండవలెను.

ఇన్నియు విచారించిన పిమ్మట తేలునది ఇది. గ్రంథము పేరు, కర్త, వెల, దాత అను ముఖ్య వివరములను ఇనుము కలిసిన నీలినలుపు సిరాతో వ్రాయవలెను. అది దొరకనిచో ఇవే పరీక్షలలో నెగ్గిన నల్లసిరా వాడవచ్చును. ఏటేట గ్రంథములను సరిచూచినప్పుడు వేయు గుర్తులకును, దిద్దుబాటులకును, సరిచూచినవారి చేవ్రాలునకును ఆకుపచ్చ సిరా మిక్కిలి తగినది. అప్పుడు మూలమేది, తనిఖీ యేది యని ఎవ్వరు చూచినను తెలియును. నూరు పుటలును ఆకుపచ్చయే యైనచో ఆ మేలు పోవును. సిరా వెలిసినచో మూలమును పోవును.

తెలంగాణమున 1954-55 నాటి ఖాస్రా పహాణీ లోని ఒక్క పంక్తి, డెబ్బదియేండ్లు గడచినను, భూమి తగవులలో సాక్ష్యముగా చూపబడుచున్నది. ఆ పంక్తి ఏ గ్రామమున ఎవరు వ్రాసిరో, వ్రాయునాడు వారి సిరా ఎంత అందముగా నుండెనో అడుగు రైతు లేడు. తన తాత పేరు చదువుటకు వీలగునా యని మాత్రమే అడుగును. ఈ గ్రంథాలయపు నమోదు పుస్తకమున భూములు లేవు. కాని తన తల్లి పేర ఒక కూలివాడు ఇచ్చిన రామాయణము కలదు. ఊరు విడిచి పోవుచు ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన నిఘంటువు కలదు. స్వర్ణోత్సవమునాడు ఈ పుస్తకమును తెరచువారు ఇప్పుడు బడిలో అక్షరములు దిద్దుచున్నారు. వారికి ఆ పేర్లు చదువవలెను.

పఠనమందిరపు దక్షిణపు కిటికీలో మూడు బుడ్డీల ఆకుపచ్చ సిరాతో వ్రాసిన కాగితము, సగము కప్పబడి, నేటినుండి వ్రేలాడుచుండును. నెలదినములైన పిమ్మట యువకులు వచ్చి అట్టను తొలగించి చూతురు గాక. అప్పుడు వారు ఎన్నుకొనిన బుడ్డియే కార్యవర్గమునకు సమ్మతము కాదగినది.

స్వస్తి.