ఇల్లు కొనేవారికి నా మనవి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. ప్రావిడెంటు ఫండు సొమ్ము తీసి ఒక చిన్న పెంకుటిల్లు కొన్నాను. ప్లీడరు గారు పదమూడేళ్ల ఈ.సి. చూసి, "అంతా క్లియరే, బయానా ఇచ్చేయండి మాస్టారూ" అన్నారు. రిజిస్ట్రేషన్ అయిన మూడో నెలలో, అమ్మినాయన చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది. "భాయ్‌సాబ్, ఇది మా నాన్న ఇల్లు. నా హిస్సా ఏదీ?" అంది.

ఈ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వారసుల వాటాలు గానీ, నోటిమాటతో చేసిన హిబా గానీ కనిపించవు. వారసులు ఒక కొడుకు, ఒక కూతురు మాత్రమే అయితే కూతురికి మూడో వంతు. ఆ లెక్క నాకు తెలుసు. అయినా నేనూ అడగలేదు, ప్లీడరూ అడగలేదు. ఆమె అడిగింది న్యాయమే. అప్పు చేసి ఆమె వాటా సొమ్ము ఇచ్చి, హక్కు విడుదల దస్తావేజు రాయించుకున్నాను.

కనుక ప్లీడరు నోటిమాట చాలదు. అభిప్రాయం సంతకంతో రాయించుకోండి. లింకు దస్తావేజులు, ముప్ఫై ఏళ్ల ఈ.సి., వారసుల పేర్లు, వక్ఫ్ జాబితా చూశారా అని అడగండి. ప్లీడర్ల మీద వినియోగదారుల కోర్టుకు వెళ్లే వీలు లేదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. దుష్ప్రవర్తన ఉంటే 1961 అడ్వొకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు గానీ, దానితో పోయిన సొమ్ము రాదు.

కొనేముందు ఆ ఇంటి ఆడపడుచులను కూడా ఒక్కమాట అడగండి. ఖుదా హాఫిజ్.