కంప్యూటరు భద్రత - మా పాఠం మారిన తీరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు, సెల్‌ఫోను వాడకంలో పాటించవలసిన జాగ్రత్తల గురించి సంఘం తరఫున తరగతులు నడుపుతున్నాం గనుక, ఆ అనుభవం నాలుగు మాటల్లో చెప్పమని మమ్మల్ని కోరారు. మేము గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. పొరపాటుతోనే మొదలుపెడతాము.

మా మొదటి తరగతి అచ్చంగా ఉపన్యాసమే. గోడకు తెర కట్టి, బొమ్మలు చూపిస్తూ గంటన్నరసేపు మాట్లాడాం. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అన్నాం. అందరూ తలలూపారు. చివర ప్రశ్నలు వేస్తే సరైన జవాబులే వచ్చాయి. మాకూ తృప్తి కలిగింది. నెల తిరక్కుండానే, ముందు వరుసలో కూర్చుని జవాబులు చెప్పిన ఒక ఆపా, మిషను కుట్టి కూతురి కాలేజీ ఫీజుకని దాచుకున్న సొమ్మంతా ఒక్క ఫోన్‌కాల్‌తో పోగొట్టుకున్నది. మేము చెప్పాం గదా ఆపా, అంటే ఆవిడ ఏమన్నదో వినండి. "ఓటీపీ చెప్పొద్దన్నారు భాయ్. వాడు ఓటీపీ అననే లేదే! మీ ఖాతా మూతపడుతున్నదమ్మా, మెసేజీలో ఆరంకెలు వచ్చాయి చూడండి, అవి చదవండి అన్నాడు."

ఆ మెసేజీ ఇంగ్లీషులో ఉన్నది. ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక కూడా అందులోనే ఉన్నది. చదవలేని మనిషికి అదేం హెచ్చరిక? లోపం మా పాఠానిదే. మేము మాటను నేర్పాం గాని, ఆ మాట ఏ వేషంలో వస్తుందో చూపించలేదు.

అప్పటినుంచి ఆడవాళ్ల తరగతిలో ఉపన్యాసం తగ్గించి నాటకం పెట్టాం. పరదా వెనక ఒక కుర్రవాడు కూర్చుని ఫోను చేస్తాడు. ఒకసారి బాంకు మేనేజరు, ఒకసారి కరెంటాఫీసు, ఇంకోసారి పోలీసు అధికారి. 'డిజిటల్ అరెస్ట్' అని గద్దిస్తాడు. చట్టంలో అటువంటి అరెస్టే లేదని మేము తర్వాత చెబుతాం. ఫోనెత్తిన ఖాలా తడబడుతుంది, మిగతావాళ్లు నవ్వుతారు, తమ వంతు వచ్చేసరికి వాళ్లూ తడబడతారు. డబ్బు పంపిస్తున్నాం, పిన్ను కొట్టండి అన్నప్పుడు చాలామంది కొట్టబోయారు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ను అక్కర్లేదన్న సంగతి ఆ తడబాటు తర్వాత చెబితేనే మనసులో నాటుకున్నది.

పిల్లల తరగతికి ఫోనూ లేదు, కంప్యూటరూ లేదు. ఒక రేకు పెట్టె, కొన్ని తాళంకప్పలు. తాళంచెవి ఇవ్వకుండా పెట్టెలో చీటీ భద్రంగా పంపాలి, ఎలా? పంపేవాడు తన కప్ప వేసి పంపుతాడు. అందుకున్నవాడు తన కప్ప కూడా వేసి తిప్పి పంపుతాడు. మొదటివాడు తనది తీసి మళ్లీ పంపితే, రెండోవాడు తనది తీసుకుంటాడు. తాళంచెవులు ఎవరివి వారి దగ్గరే ఉన్నాయి. ఆహా అనుకున్నాం. మధ్యలో పెట్టె మోసే పిల్లవాడు, ఏడో తరగతివాడు, దాన్ని అవతలికి చేర్చకుండా తనే ఒక కప్ప వేసి తిప్పి తెచ్చాడు. పంపినవాడు గుర్తించలేదు. చీటీ వీడి చేతికొచ్చింది! తాళం గట్టిదే, కాని అది ఎవరి తాళమో అడిగినవారు లేరు. ఆపా పోగొట్టుకున్నదీ అక్కడే గదా. ఆ పిల్లవాణ్ణి చూస్తే మాకు ముచ్చట వేసింది.

డిగ్రీ కుర్రవాళ్లకు పేకముక్కల ఆట పెట్టాం. 2010లో మైక్రోసాఫ్ట్ కంపెనీలో ఆడం షోస్టాక్ తయారుచేసిన ఆట అది, ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో ముక్క మీద ఒక్కో రకం దాడి ఉంటుంది. ముక్క వేసినవాడు అది ఎదుటనున్న ఏర్పాటుకు ఎలా తగులుతుందో చెప్పాలి. ఏర్పాటు ఎక్కడో ఎందుకని మన సంఘం కంప్యూటరునే ముందు పెట్టాం. గంటలో బయటపడిన సంగతులు కార్యవర్గంవారు మన్నించాలి: పాస్‌వర్డు బల్లకు అంటించిన కాగితం మీదే ఉన్నది, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, ఆధార్ నకళ్లు, బాంకు పుస్తకాల జిరాక్సులు, అన్నీ తాళంలేని బీరువాలో ఉన్నాయి. ఊరివాళ్లకు పాఠం చెబుతున్నది మనమే సుమా!

మరొక్క విషయం. మోసం జరిగాక సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పనివాళ్లే ఎక్కువ. 2017లో రిజర్వు బాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రహస్య అంకెలు మనమే చెప్పి ఉంటే, బాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తర్వాతి నష్టం బాంకుది. అందుచేత తరగతి అయిపోయేముందు ప్రతివారి ఫోనులోనూ 1930 నంబరు, వారి బాంకు నంబరు వారి చేతనే ఎక్కించి, వెతికి తీయిస్తున్నాం.

వచ్చే తరగతి ఆదివారం మధ్యాహ్నం. ఆడవాళ్లను పంపేటప్పుడు ఫోను ఇంట్లో ఉంచుకోకుండా వాళ్ల చేతికిచ్చి పంపండి. బీరువా తాళానికి డబ్బు మంజూరు చేయమని కార్యదర్శిగారికి అర్జీ ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు.