హుద్‌హుద్ తెచ్చిన ఖబురు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన తుఫానుకు హుద్‌హుద్ అనే పేరు ఒమాన్ దేశం ఇచ్చింది. హుద్‌హుద్ అంటే సులైమాన్ పైగంబరు (అలైహిస్సలాం) వారికి దూరదేశపు ఖబురు తెచ్చిన పిట్ట అని మనందరికీ తెలుసు. సముద్రం వేడెక్కేకొద్దీ తుఫాన్లకు బలం పెరుగుతుంది. ఇదీ నేటి ఖబురు. ఇది మన గడపదాకా వచ్చిందా?

సినిమా హాళ్ళలో పర్యావరణ స్లైడ్లు ఉచితంగా వెయ్యాలని, రేడియోలో, టీవీలో చెప్పాలని, బడుల్లో తప్పనిసరి పాఠంగా పెట్టాలని 1991లోనే ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2015 నాటి పారిస్ ఒప్పందం 12వ అధికరణం కూడా ప్రజలకు ఈ చదువు చెప్పే పని ప్రభుత్వాల మీదే పెట్టింది. కనుక మనం అడిగేది దయ కాదు.

అయితే పుస్తకంలో అచ్చేస్తే చాలదండీ. "వాతావరణ మార్పు" అని బోర్డు మీద రాస్తే మా పిల్లలు బట్టీ పట్టారు. హుద్‌హుద్ నాడు ఏం జరిగిందో మీ నానీని అడిగి రండి అన్నాను. ఎగిరిపోయిన రేకులు, కూలిన చెట్లు అన్నీ ఇంటి ఉర్దూలో చెప్పుకొచ్చారు. పాఠం ఆ రోజు తలకెక్కింది.

మన మన్యంలో సవర పల్లెలున్నాయి. ఎవరి భాషలో వారికి, బడిలోనూ సంతలోనూ చెప్పించడానికి ప్రభుత్వం సొమ్ము కేటాయించాలి. జుమా తర్వాత అయిదు నిమిషాలు మనమూ చెప్పుకుందాం.

సులైమాన్ వారు పిట్ట మాటను కొట్టిపారెయ్యలేదు. నిజానిజాలు చూడదలచి, ఉత్తరం రాసి పంపారు. మనమూ కలెక్టరుగారికి అర్జీ రాద్దాం. సంతకాలు ఈరోజే పెడదాం.

ఖుదా హాఫిజ్.