గైరుహాజరైనవారందరూ సమ్మె చేసినట్లేనా?

(బస్తర్ ప్రాంత సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే కొత్తవలస–కిరండూల్ మార్గంలో పనిచేసే మీకు తర్కం కొత్తదికాదు. ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట, లైనుపై బండి ఉంటే సిగ్నల్ ఎరుపు చూపుతుంది. కనుక ఆకుపచ్చ కనిపిస్తే ఆ లైనుపై బండి లేదని తేల్చవచ్చు. కాని ఎరుపును చూచి బండి ఉన్నదని తేల్చరాదు. పట్టా విరిగినా, సర్క్యూట్ చెడినా ఎరుపే వస్తుంది.

ఛార్జిషీటును సైతం ఇట్లే చదవాలి. 1974 మే 8న ఆరంభమైన రైల్వే సమ్మెలో వేలాది మంది ఉద్యోగాలు కోల్పోయారు. "సమ్మె చేసినవాడు విధులకు రాడు, ఇతడు రాలేదు, కనుక సమ్మె చేశాడు" అనే వాదం నిలువదు. జ్వరపడినవాడూ రాలేడు, వానలకు దారి తెగి మారుమూల తపాలా కార్యాలయం చేరలేనివాడూ రాలేడు. అయితే ఆ దినమంతా విధులలో ఉన్నవాడు సమ్మె చేయలేదన్నది మాత్రం అదే నియమం నుండి తప్పక తేలుతుంది.

కావున జవాబు వ్రాసేటప్పుడు నియమాన్ని కాదనకండి. దానినుండి తీసిన ముగింపును కాదనండి. గైరుహాజరు మినహా వేరే సాక్ష్యమేదో చూపమని కోరండి.

ఇదే న్యాయం మనకూ వర్తిస్తుంది. సభకు రాని సోదరుణ్ణి ద్రోహి అనేముందు, ఎందుకు రాలేదో అతని ఇంటికి వెళ్ళి అడగాలని మేము కోరుతున్నాము.