మూలగదిలో నాలుగు మిషన్లు

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముప్ఫై ఏళ్లుగా పంపులు, కంప్రెసర్ల మధ్య బతుకుతున్నవాణ్ని. కుట్టుపని గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు ఫోన్లో రెండుసార్లు అడిగారు, "కుట్టుపనేనా?" అని. కుట్టుపనేనండీ.

ఎనిమిదో తరగతిలో మనకు వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లుండేవి. ఆడపిల్లలకు కుట్టు, మగపిల్లలకు తోటపని. తోటపనంటే ఏం చేసేవాళ్లమో ఇక్కడున్న మా బ్యాచి వాళ్లకు తెలుసు. జామచెట్టుకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఒకరోజు కంచె దూకబోయి చొక్కా భుజం దగ్గర చింపుకున్నాను. మా అమ్మ ఆ వారమే కుట్టిన చొక్కా. ఇంటికి వెళ్లడానికి భయమేసి మూలగది కిటికీ దగ్గర నిలబడ్డాను. కుట్టు టీచరు గారు చూసి, చొక్కా విప్పమన్నారు. కుట్టిపెడతారనుకున్నా. సూది నా చేతికే ఇచ్చారు.

"దారం ఎంత తియ్యమంటారు టీచర్?" అంటే "నీ చేత్తో మూరెడు" అన్నారు. ఇప్పటికీ ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట అదే. మాటిమాటికీ ఎక్కించే బాధ తప్పుతుందని బారెడు తీస్తే, సగం కుట్టేలోపే మెలికపడి ముడులేస్తుంది. రెండో మాట, చినిగిన చోట మామూలు టాకా నిలవదు. సూదిని ఒక కుట్టు వెనక్కి గుచ్చి, రెండు కుట్ల దూరం ముందుకు తేల్చాలి. చూడ్డానికి మిషన్ కుట్టులాగే ఉంటుంది. ఒకచోట దారం తెగినా మొత్తం ఊడిపోదు. ఆ సాయంత్రం అమ్మ చొక్కా తిరగేసి చూసి, "ఎవర్రా కుట్టింది?" అంది. నేనే అంటే నమ్మలేదు.

అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. కూలి నాలుగు రూపాయలు. హుక్కులు, కాజాలు రాత్రిపూట దీపం దగ్గర కూర్చుని చేసేది. నా ఇంజనీరింగ్ హాస్టల్ మెస్ బిల్లు ఆ నాలుగేసి రూపాయల్లోంచే వచ్చింది. కాలేజీ దరఖాస్తులో తల్లి వృత్తి అని ఒక గడి ఉంది. నేను గృహిణి అని రాశాను. "ఏం రాశావురా?" అని అడిగింది. చెప్పాను. "సరేలే" అని మళ్లీ కాజాల్లో పడిపోయింది. ఈ సంగతి ఇన్నేళ్లలో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెప్పాలనిపించింది.

అమ్మ పోయిన రెండేళ్లకి, 2020లో, అందరం ఇళ్లలో కూర్చున్నప్పుడు ఆ మిషన్ మూత తీశాను. మాస్కులు కుడదామని. పైన కుట్టు బాగానే ఉంది, కింద చూస్తే దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. కింద తప్పుంది కాబట్టి కింది భాగమే చెడిందనుకుని బాబిన్ కేస్ విప్పి సగం రోజు దానితో కుస్తీపట్టాను. ఇంజనీర్ని కదా! అసలు తప్పు పైన ఉంది. కింద ఉచ్చులు కనిపిస్తే పైదారం వదులైనట్టు. పైన ముడులు కనిపిస్తే పైదారం బిగిసినట్టు. ఫుట్ దించి ఉంచి దారం వేశాను, అది టెన్షన్ ప్లేట్ల మధ్యకి దిగనే లేదు. ఫుట్ ఎత్తి వేస్తే సరిపోయింది.

మిషన్ చేసే పని నిజంగా ముచ్చటైంది. సూది దిగి కొద్దిగా లేవగానే వెనక దారం చిన్న ఉచ్చవుతుంది. కింది కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది. రెండు దారాలూ బట్ట మధ్యలో పెనవేసుకుంటాయి. సూది కన్ను మొన దగ్గర ఉండబట్టే ఇది కుదిరింది. ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన మిషన్లో కీలకం అదే. కుట్టు మధ్యమధ్యలో ఎగిరిపోతుంటే మెకానిక్ దగ్గరకు పరిగెత్తకండి. ముందు సూది మార్చండి. మామూలు నూలు బట్టకి 14 నంబరు, పల్చటి పట్టుకి 11, జీన్సుకి 16 గానీ 18 గానీ.

చీర ఫాల్ సంగతి. కొత్త నూలు ఫాల్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. లేదంటే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి చీర అంచు ముడతలు తేలుతుంది. పై అంచు హెమ్మింగ్ చేసేటప్పుడు చీరలోంచి ఒకటి రెండు పోగులే అందుకోవాలి, దారం గట్టిగా లాగకూడదు.

బట్టను పడుగు వెంట లాగినా పేక వెంట లాగినా పెద్దగా సాగదు. ఐమూలగా లాగండి, సాగుతుంది. అందుకే మెడ పైపింగ్ ముక్క ఐమూలగా కత్తిరిస్తారు, గుండ్రటి మెడకి ఒదిగి కూర్చుంటుంది. కాలేజీలో షియర్ పాఠం చెబుతూ చతురస్రం వాలిపోయే బొమ్మ గీసినప్పుడు అందరూ తలలు గోక్కున్నారు. నాకు మాత్రం అమ్మ కత్తెర గుర్తొచ్చింది. ఆ ఒక్క పరీక్షలో నాకు మంచి మార్కులొచ్చాయి.

ఇక అసలు విషయం. మూలగదిని పడగొట్టి అక్కడ స్వర్ణోత్సవ తోరణం కట్టాలని కమిటీ ఆలోచన. ఆ గదిలో నాలుగు మిషన్లున్నాయి. పోయిన నెల నేనూ మా బ్యాచి వాళ్లిద్దరూ తాళం తీయించి చూశాం. కిరసనాయిలుతో కడిగి నూనె వేస్తే మూడు తిరిగాయి. నాలుగోదానికి కొక్కెం తుప్పుపట్టింది, ఆ ఒక్క భాగం మార్చాలి. రెడీమేడ్ రోజుల్లో కుట్టెవరికండీ అని ఒకాయన అన్నారు. మా అబ్బాయి హాస్టల్లో చొక్కా గుండీ ఊడితే చొక్కానే పక్కన పడేశాడు, ఆయనకి నా జవాబు అంతే.

తోరణం వద్దనను. గేటు దగ్గర కట్టుకుందాం. గది ఉంచండి, కప్పు బాగుచేయించండి, వారానికి రెండు పీరియడ్లు మళ్లీ పెట్టమని హెడ్మాస్టరు గారిని అడుగుదాం. ఈసారి మగపిల్లలు కిటికీ బయట నిలబడకుండా లోపల కూర్చోవాలి. కప్పు మరమ్మతుకు నా వంతు రాసి ఇచ్చాను. నాలుగో మిషన్ వచ్చే ఆదివారం పదింటికి విప్పుతున్నాం. రాగలిగినవాళ్లు రండి, పాత బట్టలు వేసుకుని రండి, నూనె మరకలు పోవు.