మేడ్చల్ నుండి ఢిల్లీ ఎంత దూరము?



ఈ ప్రశ్నకు మూడు జవాబులు కలవు. పటము మీద దారము లాగి కొలిచినచో సుమారు 1,200 కిలోమీటర్లు. మేడ్చల్ మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారిని పట్టుకొని నాగపూరు, ఆగ్రాల మీదుగా పోయినచో 1,500 పైచిలుకు. విమానపు టిక్కెట్టు మాత్రము కిలోమీటర్ల ఊసే ఎత్తదు. రెండుంబావు గంటలని చెప్పి ఊరుకొనును.

ఆ రెండుంబావు గంటలలో ఏమి ఇమిడియున్నది? జెట్ విమానము తగిన ఎత్తునకు చేరిన పిదప గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోవును. ఆ లెక్కన గంటన్నర చాలును. మిగిలినదంతయు నిలిచిన చోటు నుండి రన్‌వే చేరుటకు, పైకెక్కుటకు, దిగుటకు, రద్దీ వేళ ఆకాశముననే వంతు కొరకు వేచియుండుటకు పట్టు కాలము. గాలి కూడ లెక్కలోనిదే. చైనాలో బీజింగు నుండి పడమటనున్న ఉరుంచీకి పోవు విమానము ఎదురుగాలి వలన తిరుగు ప్రయాణము కంటె ఎక్కువ సేపు తీసికొనును. ఆ దేశమంతటికి గడియారమొక్కటే కనుక, ఈ తేడా గాలిదే కాని గడియారముది కాదు.

టిక్కెట్టు చెప్పని కాలము వేరొకటి కలదు. 2008 మార్చి వరకు మేడ్చల్ వాసికి విమానాశ్రయము బేగంపేట. నేరుగా 20 కిలోమీటర్లు. ఇప్పుడు శంషాబాదు పోవలెను. నేరుగా అది 43 కిలోమీటర్లే. కాని నగరపు రద్దీని తప్పించు ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్ల వలయము. మేడ్చల్, శామీర్‌పేటలు దాని ఉత్తరపు కొసన, శంషాబాదు దక్షిణపు కొసన ఉన్నవి. దాదాపు సగము చుట్టు తిరుగవలెను: 70 కిలోమీటర్లు. ఢిల్లీ ఉన్నది ఉత్తరమున. మనవాడు దక్షిణమునకు పోయి, విమానమెక్కి, మరల ఉత్తరమునకే మరలవలెను! నెత్తిమీద విమానాల రొదకు మాత్రము కొదువ లేదు. శామీర్‌పేట దారిలో హకీంపేట, మేడ్చల్ చెంత 1971లో వాయుసేన అకాడమీ వెలసిన దుండిగల్ ఉన్నవి. అవి సైన్యపు స్థావరములు. అక్కడ మనకు టిక్కెట్టు దొరకదు.

ఢిల్లీకైతే ఇంత తిరుగుడును గిట్టుబాటే, రైలు ఒక పగలును ఒక రాత్రియు తీసికొనును గదా. దగ్గరి ఊళ్ల సంగతి వేరు. బీజింగు, షాంఘైల మధ్య నేరుగా సుమారు 1,070 కిలోమీటర్లు, విమానములో రెండుంబావు గంటలు. 2011లో 1,318 కిలోమీటర్ల వేగపు రైలుమార్గము తెరచిన పిమ్మట, నాలుగున్నర గంటలు పట్టినను, పలువురు రైలునే ఎంచుకొనుచున్నారు. ఇంటి గడప నుండి గడపకు లెక్క వేసికొనువారు వారు.

విజయవాడలో తల్లికి జబ్బుగా నున్నదని శామీర్‌పేటలోని కుమారునికి కబురు వచ్చినదనుకొందము. విమానయానము గంటయే. కాని శంషాబాదు చేరుటకు గంటంబావు. సామాను అప్పగింత గంట ముందే ముగియును గనుక అక్కడ గంటన్నర. గన్నవరమున దిగి ఊరిలోనికి మరియొక గంట. వెరసి ముప్పావు తక్కువ అయిదున్నర. ఘట్‌కేసరు మీదుగా పెద్ద అంబర్‌పేట చేరి, అక్కడి నుండి విజయవాడ రహదారిని పట్టుకొని కారులో పోయినను రమారమి అంతే. పైగా విమానము తన వేళకే బయలుదేరును. కారు కబురు అందిన క్షణముననే కదలును.